రెండో భాగాల్లో తిరుగుడే అసలు ఆట

మౌస్‌తో తెరమీద నొక్కుతూ ఆడే పాత పాయింట్ అండ్ క్లిక్ కంప్యూటర్ ఆటల రెండో భాగాల్లో తిరుగుడెక్కువ, పజిళ్లు అన్యాయం, పక్కన వాక్‌త్రూ (ఆట మొదట్నుంచి చివరిదాకా ఎలా దాటాలో చెప్పే రాత) పెట్టుకుని ఆడొచ్చా అని ఒకరు అడిగారు. వద్దండి.

తిరుగుడులో రెండు రకాలున్నాయి. మంకీ ఐలాండ్ 2 (1991)లో మూడు దీవులు ఒకేసారి తెరిచేస్తారు. ఇక్కడ దొరికిన వస్తువు అక్కడ వాడాలి, అక్కడిది ఇంకోచోట. సరదాగానే ఉంటుంది గానీ, అది సామాను మోత. మిస్ట్ అనే ఆటకి రెండో భాగం రివెన్ (1997) అలా కాదు. మన దగ్గరుండే సామాను నాలుగు పుస్తకాలైనా కాదు. చూసి అర్థం చేసుకోవాల్సింది ఆ ఊరినే.

విజయనగరంలో మా ఇల్లు మూడు లాంతర్ల కూడలికి దగ్గర. రివెన్ ఐదు సీడీలు, దీవి మారితే సీడీ మార్చాలి. మధ్యలో కరెంటు పోతే సేవ్ చెయ్యనిదంతా గోవిందా. షాపువాడు గీతలు పడ్డ సీడీ అంటగట్టి, అడిగితే గుడ్డతో తుడుచుకోమన్నాడు, అదో బాధ. బాయిలరున్న దీవిలో నీళ్లు దించి, నిచ్చెన దిగి, గొట్టంలో పడి కొండమీద తేలాను. అక్కడ జంట తలుపులు తీసి లోపలికెళ్తే, ఎంత వెతికినా పక్కకి దారి లేదు. వెనక మంచం మీద మా మామ్మ చింతపండులో గింజలు తీస్తూ తెర చూస్తోంది.

"ఒరే గుంటడా, తీసిన తలుపు తీసినట్టే వొగ్గేసి తిరుగుతావేటి? ఎవలింటికెళ్లినా ఇదే పనా?"

ఆవిడ పోరు పడలేక వెనక్కి తిరిగి తలుపులు మూశాను. వాటి రెక్కల చాటునే అటొకటి, ఇటొకటి రెండు దారులు!

దీన్ని అన్యాయమని ఎలా అంటారు? తలుపు కళ్లముందే ఉందిగా. ఐదు చొప్పున సాగే అక్కడి అంకెల్ని కూడా ఆ దీవుల్లోని బడిలో ఉన్న ఓ ఆటబొమ్మతోనే పట్టుకోవాలి, ఎవరూ పాఠం చెప్పరు. ఇప్పటి ఆటలు కొన్ని బటన్ నొక్కితే నొక్కాల్సినవన్నీ వెలిగించి చూపిస్తాయి. ఇంకెందుకు ఆడటం? రివెన్‌లో జిప్ మోడ్ (మధ్య దారి నడవకుండా ఒకేసారి ముందుకి గెంతించే ఏర్పాటు) కూడా ఆపెయ్యండి, అది దాటేసిన మలుపులోనే మీక్కావలసింది ఉంటుంది. రిటర్న్ టు మంకీ ఐలాండ్ (2022)లో ఆటలోనే హింట్ల పుస్తకం ఇచ్చారు. అదైతే ఒప్పుకుంటాను, అడిగినంతే చెబుతుంది.

సీడీల గొడవ లేకుండా 2024లో రివెన్ మళ్లీ చేశారు, కాళ్లు తిరిగినంత మేరా నడవొచ్చు. పజిళ్లు కొన్ని మార్చారు, కాబట్టి మీరు పాత వాక్‌త్రూ దాచుకున్నా అది అందులో చాలాచోట్ల పనికిరాదు. నాకు మరీ నచ్చింది అదే.