ఫైర్‌ఫాక్స్‌లో కాంపాక్ట్ ఆప్షన్‌ను వెనక్కి తెచ్చుకోవడం

పదమూడు అంగుళాల ల్యాప్‌టాప్‌లో ట్యాబ్‌ల వరుస, టూల్‌బార్ కలిసి చాలా చోటు తినేస్తున్నాయని, ఫైర్‌ఫాక్స్ సెట్టింగుల్లో వాటిని సన్నగా చేసే కాంపాక్ట్ ఆప్షన్ ఎక్కడా కనిపించడం లేదని మీరు రాశారు. టెన్షన్ పడకండి, అది పోలేదు. 2021 జూన్‌లో వచ్చిన 89వ వెర్షన్‌లో దాన్ని దాచేశారు, అంతే.

అడ్రస్ బార్‌లో అబౌట్:కాన్ఫిగ్ (about:config) అని కొట్టి, హెచ్చరిక వస్తే ఒప్పుకోండి. పైన వెతికే పెట్టెలో బ్రౌజర్.కాంపాక్ట్‌మోడ్.షో (browser.compactmode.show) అని ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీ లేకుండా, చుక్కలతో సహా టైప్ చేయండి. ఫాల్స్ అని ఉన్నదాని మీద రెండుసార్లు క్లిక్ చేస్తే ట్రూ అవుతుంది. ఇక టూల్‌బార్ ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి కస్టమైజ్ టూల్‌బార్‌లోకి వెళ్తే, అడుగున డెన్సిటీలో కాంపాక్ట్ కనిపిస్తుంది. పక్కన 'నాట్ సపోర్టెడ్' అని ఉంటుంది, అయినా ఎంచుకోండి.

ఆ మాట చూస్తే నాకు బాధే. 2017 నవంబరులో 57వ వెర్షన్‌తో పాత యాడ్-ఆన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు, పోయాయి. వేగం, భద్రత కోసం అది అవసరమేనని ఒప్పుకుంటాను. కానీ ఒక చిన్న మెనూ ఆప్షన్‌ను దాచడానికి అంత బలమైన కారణం నాకు కనిపించదు. నలుగురికీ ఫైర్‌ఫాక్స్ ఇన్‌స్టాల్ చేసిపెట్టేది ఇలా సెట్టింగులు మార్చుకునేవాళ్లే కదా!

ఇంకా ఎక్కువ మార్పులు కావాలంటే వివాల్డి అనే బ్రౌజర్ చూడండి. ట్యాబ్‌లను పక్కకో కిందకో పెట్టుకోవచ్చు. కాంపాక్ట్ పెట్టాక ఎలా ఉందో ఇక్కడే రాయండి.