రైడింగ్ లాన్ మూవర్ తాళం తిప్పితే ‘టక్’ మని ఆగిపోతోంది. స్టార్టర్ మోటార్ మార్చాలా?

జార్జియాలో అర ఎకరం గడ్డి, బ్రిగ్స్ కంపెనీ ఇంటెక్ రకం ఒంటి సిలిండర్ ఇంజినున్న, కూర్చుని నడిపే గడ్డి కోత బండి (మూవర్). తాళం తిప్పితే ఒకసారి ఉత్త ‘టక్’, ఇంకోసారి ఇంజిన్ అర చుట్టు తిరిగి బిగుసుకుపోవడం. బ్యాటరీ పోయిన నెలే కొత్తది వేశారు. ఇప్పుడు స్టార్టర్ ఆర్డర్ పెట్టమంటారా అని అడిగారు. పెట్టకండి. వరసలో చివరగా అనుమానించాల్సింది స్టార్టర్‌నే, కానీ అందరూ మొదలుపెట్టేది దానితోనే. మన ఊళ్ళో ‘సెల్ఫ్ పోయింది’ అని ఒక్క మాటలో బ్యాటరీ, ఎర్త్, సోలినాయిడ్ (తాళం తిప్పగానే స్టార్టర్‌కు కరెంటు కలిపే స్విచ్), మోటార్ అన్నిటినీ కలిపేసే అలవాటు ఉంది కదా, అమెరికా వెళ్ళినా అది పోదు.

ముందు చెవి పెట్టి వినండి. ‘టకటకటక’ అని వరసగా కొడితే కరెంటు చాలడం లేదు. బ్యాటరీ దిగి ఉంటుంది, లేదా టెర్మినల్ దగ్గర చిలుము పట్టి ఉంటుంది. అసలు చప్పుడే లేకపోతే ఫ్యూజు, తాళం స్విచ్, బ్రేక్ పెడల్ కింది స్విచ్, బ్లేడ్ల స్విచ్ చూడాలి. బ్లేడ్ లివర్ పైకి ఉండిపోయి, బండి పాడైందనుకుని షాపుకు మోసుకెళ్ళేవాళ్ళకు లెక్క లేదు. మోటార్ ‘జుయ్’ మని తిరిగి ఇంజిన్ కదలకపోతే బెండిక్స్ గేరు (స్టార్టర్ నుంచి లేచి ఇంజిన్ ఫ్లైవీల్ పళ్ళను పట్టుకునే చిన్న గేరు) పైకి లేవడం లేదు. మీది ఇవేవీ కాదు. ఒక్క ‘టక్’, అర చుట్టు.

ఇరవై డాలర్ల మల్టీమీటర్ కొనండి. బ్యాటరీ కాసేపు ఖాళీగా ఉన్నాక 12.6 వోల్టులు చూపించాలి. 12.4 కంటే తక్కువుంటే ముందు ఛార్జింగ్ పెట్టండి, మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. కొత్తదైనంత మాత్రాన నిండుగా ఉందని కాదు, షాపు అరలో నెలల తరబడి కూర్చుని వచ్చి ఉంటుంది. ఇంత చిన్న బ్యాటరీకి 10 ఆంపియర్లు మించి ఎక్కించొద్దు. కారు నుంచి జంపర్ కేబుల్ వేస్తే కారు ఇంజిన్ ఆపే వేయండి. తాళం తిప్పి పట్టుకున్నప్పుడు బ్యాటరీ మీద వోల్టేజి 9.6 కంటే కిందికి పోకూడదు. పోతే బ్యాటరీ చచ్చిందన్నా అనుకోవాలి, ఇంజినే బిగుసుకుందన్నా అనుకోవాలి.

తర్వాత ఎర్త్. మీటరు ఒక మొన బ్యాటరీ నెగటివ్ గుబ్బ మీద, రెండోది ఇంజిన్ మీద పెయింట్ లేని లోహం మీద ఆనించి, ఇంకొకరిని తాళం తిప్పమనండి. 0.2, మహా అయితే 0.3 వోల్టు రావాలి. ఒక వోల్టు చూపిస్తే నల్ల కేబుల్ ఫ్రేమ్‌కు బిగించిన బోల్టు విప్పి, అడుగున తుప్పు గీకి మళ్ళీ బిగించండి. ఇదే పరీక్ష పాజిటివ్ గుబ్బకు, స్టార్టర్ మీది బోల్టుకు మధ్య చేస్తే అర వోల్టు దాటకూడదు. కేబుళ్ళు విప్పేటప్పుడు నల్లది ముందు, బిగించేటప్పుడు నల్లది చివర.

సోలినాయిడ్ సాధారణంగా సీటు కిందో, వెనక చక్రం పైన ఫెండర్ కిందో ఉంటుంది, లావుపాటి ఎర్ర వైరు పట్టుకుని వెళ్తే దొరుకుతుంది. రెండు పెద్ద బోల్టుల మధ్య మీటరు పెట్టండి. తాళం తిప్పకముందు 12 చూపించి, తిప్పగానే సున్నా దాకా పడిపోవాలి. ‘టక్’ వినిపించినా 12 అలాగే నిలబడితే లోపలి రాగి ముఖాలు కాలిపోయాయి, మార్చేయండి. పదిహేను, ఇరవై డాలర్ల పని. మూడు బోల్టుల సోలినాయిడ్ తన ఎర్త్‌ను బిగించిన చోటు నుంచే తీసుకుంటుంది. అక్కడ పెయింటో తుప్పో ఉంటే కొత్తది కూడా పలకదు. నాలుగు బోల్టులదైతే రెండో చిన్న వైరు ఎర్త్. ఒకదాని బదులు ఇంకోటి కొని తిట్టుకోవద్దు.

పెద్ద స్క్రూడ్రైవర్‌తో ఆ రెండు బోల్టులూ కలిపి స్టార్ట్ చేసే వీడియోలు చూసే ఉంటారు. నా దృష్టిలో అది పనితనం కాదు, తెగింపు. అలా కలిపితే బ్రేక్ స్విచ్, బ్లేడ్ స్విచ్ ఏదీ అడ్డు రాదు. బండి గేరులో ఉంటే పక్కన నిలబడ్డ మీ మీదికే వస్తుంది. పైగా నిప్పురవ్వలు రాలేది పెట్రోల్ ట్యాంకు పక్కనే.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయా? అయితే స్పార్క్ ప్లగ్ విప్పేయండి, దాని వైరును రంధ్రానికి దూరంగా ఎర్త్‌కు తగిలించండి, ఇప్పుడు తాళం తిప్పండి. ఇంజిన్ గిర్రున తిరిగితే బ్యాటరీ, కేబుళ్ళు, సోలినాయిడ్, స్టార్టర్ నాలుగూ నిర్దోషులే. ప్లగ్ బిగించగానే మళ్ళీ అర చుట్టుకే ఆగుతోందంటే సిలిండర్‌లో నొక్కుకున్న గాలి ఒత్తిడిని (కంప్రెషన్‌ను) దాటలేకపోతోంది. మీరు రాసిన లక్షణాలకు నా అనుమానం ఇదే. బ్యాటరీ మార్చి, సోలినాయిడ్ మార్చి, స్టార్టర్ కూడా మార్చాక చివరికి జనం వచ్చి చేరేదీ ఇక్కడికే.

ఈ ఒంటి సిలిండర్ ఇంజిన్లలో వాల్వులను తెరిచే క్యామ్ మీద ఒక చిన్న ఎత్తు ఉంటుంది. స్టార్టింగ్ వేగంలో అది ఒక వాల్వును వెంట్రుకవాసి తెరిచి ఉంచి కొంత గాలిని వదిలేస్తుంది. అందుకే అంత చిన్న మోటార్ అంత పెద్ద పిస్టన్‌ను పైకి తోయగలుగుతుంది. ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే మీటకూ మధ్య ఖాళీ) పెరిగిపోతే ఆ వెంట్రుకవాసి సందులోనే కలిసిపోయి ఆ సమయంలో వాల్వు అసలు తెరుచుకోదు, గాలి వదలదు, మోటార్ గోడను గుద్దినట్టు ఆగిపోతుంది. ఊళ్ళో బైక్ మెకానిక్ చేసే ట్యాపెట్ సెట్టింగే ఇదీ, కొత్త విద్య కాదు.

ఇంజిన్ పూర్తిగా చల్లారి ఉండాలి. బ్యాటరీ నల్ల కేబుల్ తీసేయండి, ప్లగ్ బయటే ఉంచండి, వాల్వ్ కవర్ నాలుగు బోల్టులూ విప్పండి. ప్లగ్ రంధ్రంలో ప్లాస్టిక్ స్ట్రా నిలబెట్టి, ఫ్లైవీల్‌ను పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు చేత్తో తిప్పండి. కార్బురేటర్ వైపు వాల్వు తెరుచుకుని మూసుకున్నాక స్ట్రా పైకి లేస్తుంది. పూర్తిగా లేచాక కూడా ఆగకుండా, పావు అంగుళం కిందికి దిగేదాకా తిప్పండి. చాలామంది తప్పేది ఇక్కడే. పిస్టన్ సరిగ్గా పైన ఉన్నప్పుడు కొలిస్తే క్యామ్ మీది ఆ ఎత్తు ఇంకా వాల్వును నెడుతూ ఉండొచ్చు, సందు తప్పుగా చూపిస్తుంది.

ఇప్పుడు ఫీలర్ గేజ్, అంటే సందు కొలిచే సన్న రేకులు. మీ ఇంజిన్‌కు కార్బురేటర్ వైపు వాల్వుకు అంగుళంలో 0.003 నుంచి 0.005, సైలెన్సర్ వైపు దానికి 0.005 నుంచి 0.007. మీ ఇంజిన్ పుస్తకంలో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి. రేకు పట్టీపట్టనట్టు జారాలి. రాకర్ (వాల్వును నొక్కే మీట) నట్టు తిప్పి సందు సరిచేసి, బిగించాక మళ్ళీ కొలవండి, బిగింపులో సందు కదులుతుంది. రెండు చుట్లు చేత్తో తిప్పి మూడోసారి కూడా కొలవండి. రాకర్‌ను పట్టి ఉంచే స్టడ్ వదులైందేమో చూడండి, అది వదులైతే ఎంత సెట్ చేసినా నిలవదు. సందు సరిగ్గా ఉన్నా ఇంజిన్ ఆగుతుంటే క్యామ్ మీది ఆ భాగమే పోయి ఉంటుంది, అప్పుడు ఇంజిన్ విప్పాల్సిందే. ఇది చదివే వేరేవాళ్ళకు ఒక మాట: కోలర్ కంపెనీ కమాండ్ లాంటి, సందును ఆయిల్ ఒత్తిడితో తామే సరిచేసుకునే హైడ్రాలిక్ లిఫ్టర్లున్న ఇంజిన్లకు ఈ సర్దుబాటు ఉండదు.

ప్లగ్ తీసి తిప్పినప్పుడు రంధ్రంలోంచి పెట్రోల్ చిమ్మితే కథ వేరు. కార్బురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే నీడిల్ మూసుకోక సిలిండర్ నిండిపోయింది. ఆయిల్ డిప్‌స్టిక్ వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చకుండా స్టార్ట్ చేయొద్దు.

ప్లగ్ లేకుండా కూడా మోటార్ మూలుగుతుంటేనే స్టార్టర్ విప్పండి. బెండిక్స్ స్క్రూ పళ్ళకు గ్రీజు పూస్తే గడ్డి దుమ్ము పట్టి గేరు ఇరుక్కుంటుంది, శుభ్రం చేసి పొడిగా వదిలేయండి. వెనక మూత తీస్తే కార్బన్ బ్రష్షులుంటాయి, అంగుళంలో ఎనిమిదో వంతుకు అరిగితే మార్చాలి. బ్రష్షులు రాసుకునే రాగి భాగాన్ని (కమ్యుటేటర్‌ను) సన్న శాండ్‌పేపర్‌తో తుడవండి, ఎమరీ వద్దు, దాని రజను గుండా కరెంటు పారుతుంది. మోటార్ డబ్బాను వైస్‌లో బిగించడం, సుత్తితో కొట్టడం రెండూ వద్దు, లోపలి అయస్కాంతాలు పింగాణీలా పగులుతాయి. ఒక్కో ప్రయత్నం 5 సెకన్లు, మధ్యలో ఒక నిమిషం విరామం. గడ్డి పెరిగిందని సొసైటీవాళ్ళ ఉత్తరం వచ్చిన కంగారులో అరనిమిషం పట్టి ఉంచితే మంచి మోటార్ కూడా కాలుతుంది.

ఇన్ని చూశాక మార్చక తప్పలేదనుకోండి. మూవర్ మోడల్ నంబరుతో కాదు, ఇంజిన్ మీద కొట్టిన నంబరుతో కొనండి. ఫ్లైవీల్ పళ్ళచక్రం అల్యూమినియమా, ఉక్కా అన్నది కూడా చూసుకోండి. అల్యూమినియం చక్రానికి ప్లాస్టిక్ గేరే వేయాలి. గట్టిగా ఉంటుందని ఉక్కు గేరు వేస్తే అది ఫ్లైవీల్ పళ్ళనే నమిలేస్తుంది.