మైక్రోవేవ్ జివ్వుమంటోంది, మార్చమని అడగాలా?

వంటగది కొత్తగా చేయించాం. గ్రానైట్ గట్టు, మాడ్యులర్ అల్మారాలు, పాత ఇనుప పైపులు తీసేసి సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు. అప్పట్నుంచి మైక్రోవేవ్, ఫ్రిజ్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. టెస్టర్ పెడితే వెలుగుతోంది. చెప్పులేసుకుంటే ఏమీ లేదు. కంపెనీ మనిషి వచ్చి చూసి మెషిన్‌లో లోపం లేదన్నాడు. మార్చి ఇమ్మని పట్టుబట్టాలా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

మార్చినా కొత్తదీ జివ్వుమంటుందమ్మా. ఆ మనిషి చెప్పింది నిజమే. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, వాటిలో 'వంటగది కొత్తగా చేయించాక' అన్న ముక్క దాదాపు తప్పదు.

మైక్రోవేవ్‌లాంటి వస్తువుల్లో కరెంటు లోపలికొచ్చే చోటే ఓ ఫిల్టర్ ఉంటుంది. అందులో ఒక చిన్న కెపాసిటర్ ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) నుంచి పైనున్న లోహపు బాడీకి, ఇంకొకటి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి బాడీకి. ఎర్త్, అంటే బాడీని నేలకు కలిపే పచ్చ వైరు, ఉన్నంతకాలం వాటిలోంచి కారే కాస్త కరెంటు నేలలోకి పోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ తెగితే బాడీ ఆ రెంటి మధ్య, 230 వోల్టుల్లో సగం దగ్గర వేలాడుతుంది. మీ జివ్వు అదే. దీంతో ప్రాణం పోదు. కానీ రేపు లోపల ఒక వైరు తొడుగు కాలి బాడీకి ఆనితే అదే తలుపు మీద పూర్తి 230 ఉంటుంది.

మరి ఎర్త్ ఏమైంది? మీ ఉత్తరంలోనే ఉంది. పాత ఇళ్లలో ఎర్త్ వైరును కుళాయి గొట్టానికి చుట్టి వదిలేసేవాళ్లు. పద్ధతి కాదు, అయినా భూమిలో పాతిన ఇనుప గొట్టం కాబట్టి నెట్టుకొచ్చింది. ప్లంబర్ ఆ గొట్టం కోసినప్పుడు ఇంటి ఎర్త్‌ను కూడా కోసేసి ఉంటాడు. ప్లాస్టిక్ పైపులోంచి కరెంటు పోదు. బోర్డులో పచ్చ వైరు పచ్చగానే ఉంటుంది, దాని అవతలి కొస టైల్స్ వెనకాల గాలిలో ఉంటుంది.

నన్ను భయపెట్టింది మాత్రం కరీంనగర్ నుంచి వచ్చిన ఇంకో ఉత్తరం. అదే జివ్వు. ఎలక్ట్రీషియన్ వచ్చి సాకెట్ విప్పి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య బెత్తెడు వైరు ముక్క బిగించాడు. జివ్వు పోయింది. ఆర్సీసీబీ (కరెంటు పక్కదారి పట్టి కారితే పడిపోయే స్విచ్చు) 'ఊరికే పడిపోతోంద'ని దాన్ని కూడా తీసి, పారేయకుండా బోర్డు పైన జాగ్రత్తగా పెట్టి మరీ వెళ్లాడట. ఆయన పనితనం మెచ్చుకుంటూ రాశారు!

అయ్యా, ఆ సాకెట్ ఇవాళే ఆపేయండి. స్తంభం దగ్గరో మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడితే, ఫేజ్ ఫ్రిజ్ మోటారులోంచి న్యూట్రల్‌కు, అక్కడినుంచి ఆ బెత్తెడు ముక్క మీదుగా ఫ్రిజ్ తలుపుకు వస్తుంది. ఫ్రిజ్‌లో ఏ లోపమూ అక్కర్లేదు. మూడు లైట్ల సాకెట్ టెస్టర్ దీన్ని పట్టుకోలేదు, అన్నీ సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది. గీజర్ నడుస్తుండగా న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టులు కొలిచే మీటరు పెట్టించండి. కొద్ది వోల్టులైనా కనబడాలి. నికరంగా సున్నా వస్తే ఎక్కడో అలాంటి వైరు ముక్క ఉందని అనుమానించాలి.

ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్చు) ఉంది కదా అంటారు. లెక్క చూడండి. ఎర్త్ పిట్ (ఎర్త్ వైరును నేలలోకి దించే గుంత) నిరోధం 10 ఓమ్‌లు అనుకుంటే, ఫేజ్ బాడీకి తగిలినా పారేది 23 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీ అంతమాత్రానికి వెంటనే పడదు, ఒక్కోసారి నిమిషాల తరబడి భరిస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లకే పడే ఆర్సీసీబీ ఉన్నది అందుకు. దాని మీది 'టీ' అనే టెస్ట్ బటన్ నొక్కితే పడింది కాబట్టి ఎర్త్ బాగుందనుకోకండి. ఎర్త్ లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది.

ఎర్తింగ్ ఎలా చేయాలో ఐఎస్ 3043 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది. వంటగదికి త్రీడీ బొమ్మలు చూపించి లక్షలు తీసుకునేవాళ్లను ఆ పేరు ఒక్కసారి అడిగి చూడండి. డ్రాయర్ చప్పుడు లేకుండా మూసుకోవడం గురించి అరగంట చెప్పగలరు.

వస్తువులు చేసేవాళ్లు ఏం తక్కువ? మైక్రోవేవ్‌కు వైఫై పెట్టారు, పాప్‌కార్న్ అయిందని ఫోన్‌కు కబురు పంపుతుంది. తనకు ఎర్త్ లేదని మాత్రం చెప్పదు. మన ప్లగ్‌లో ఎర్త్ పిన్ను పొడుగ్గా ఉండేది, అన్నిటికంటే ముందు తగిలి చివర్లో ఊడాలని. ఏ దేశపు ప్లగ్ అయినా పడుతుందని అమ్మే ఎక్స్‌టెన్షన్ బాక్సుల్లో కొన్నింట ఆ పిన్ను వదులుగా ఊగుతుంటుంది.

గుంటూరు అమ్మగారికి: కొత్త ఎర్త్ పిట్ తీయించి, ఎర్త్ టెస్టర్‌తో నిరోధం కొలిపించి, అంకె కాగితం మీద రాయించుకోండి. పచ్చ వైరు అక్కడినుంచి ప్రతి సాకెట్‌కూ కొత్తగా లాగించండి. ఆర్సీసీబీ లేకపోతే పెట్టించండి. అంతవరకు మైక్రోవేవ్ ప్లగ్ పీకి ఉంచండి. ఫ్రిజ్ తప్పదు కాబట్టి తడి చేత్తో, వట్టి కాళ్లతో తలుపు తీయొద్దు.

ల్యాప్‌టాప్ చార్జింగ్‌లో ఉంటే అరచేయి గరగరలాడుతోందన్న విశాఖ విద్యార్థికి: చార్జర్ రెండు పిన్నులదైతే ఎర్త్ ఉండనే ఉండదు, ఆ మాత్రం గరగర మామూలే. మూడు పిన్నులదై కూడా అలాగే ఉంటే, మీ హాస్టల్ వాళ్లకు ఈ పేజీ చూపించండి.