వెనక సీటు వెల ఎంత?

ప్రశ్న: మాది గుంటూరు. మిర్చి కోల్డ్ స్టోరేజీ వ్యాపారం. వారానికోసారి హైదరాబాదు వెళ్లి వస్తుంటాను. బండి డ్రైవరు నడుపుతాడు, నేను వెనక కూర్చుని ఫోన్లలో పని చూసుకుంటాను. నెలకు రెండు మూడుసార్లు మా నాన్నగారిని మోకాళ్ల నొప్పులకు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆయనకు 82 ఏళ్లు. ఈ ఏడాది బెంజి కొనాలని నిశ్చయించుకున్నాం. తాను కూడా నడుపుకోవచ్చని మా అబ్బాయి సి క్లాస్ అంటున్నాడు. స్నేహితులేమో ‘కొంటే ఎస్ క్లాస్ కొను, లేకపోతే మానుకో’ అంటున్నారు. ముందు మెరిసే నక్షత్రం సి, ఇ, ఎస్ మూడింటికీ ఒకటే కదా, ధరలో ఇంత తేడా దేనికి?
ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీరు వెనక కూర్చుంటారు కనుక ఈ రెండింటికీ మధ్య మెట్టయిన ఇ క్లాస్ తీసుకోండి. సి క్లాస్ మీ అబ్బాయికి తగిన బండి, మీకు కాదు. ఎస్ క్లాస్ గొప్ప బండే గానీ, దానికి మీరు అదనంగా పెట్టే డబ్బులో చాలా భాగం మీ వారపు ప్రయాణంలో మీకు కనిపించదు.

ముందుగా ఈ మూడింటిలో ఉమ్మడిగా ఉన్నదేమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే షోరూములో తేడాల గురించి గంటసేపు చెబుతారు గానీ పోలికల గురించి చెప్పరు. ఇప్పటి సి, ఇ, ఎస్ క్లాసులు మూడూ ఒకే ప్లాట్‌ఫారం, అంటే ఒకే అడుగు నిర్మాణం మీద తయారైనవి. మూడింటిలోనూ తొమ్మిది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సే ఉంటుంది, మూడింటినీ పుణె దగ్గర చాకణ్ ఫ్యాక్టరీలోనే బిగిస్తారు. సి 220డి, ఇ 220డి బండ్లలో అయితే ఇంజిను కూడా ఒకటే: రెండు లీటర్ల డీజిల్, 440 న్యూటన్ మీటర్ల టార్క్ (చక్రాలను తిప్పే బలం). ఇ క్లాస్ బరువెక్కువ కాబట్టి, అదే ఇంజినుతో నిలబడ్డచోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడంలో సి క్లాసే ఒక పిసరు ముందుంటుంది. ఎక్కువ డబ్బు పెడితే ఎక్కువ వేగం వస్తుందన్న లెక్క ఈ మెట్టు దగ్గర తప్పుతుంది.

డబ్బు పోయేది ప్రధానంగా ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఉన్న దూరానికి, అంటే వీల్‌బేస్‌కు. సి క్లాస్‌కు అది 2,865 మిల్లీమీటర్లు, మన దేశంలో అమ్మే ఇ క్లాస్‌కు 3,094, ఎస్ క్లాస్‌కు 3,216. సి నుంచి ఇ కి పెరిగింది 229 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా జానెడు. ఇ నుంచి ఎస్‌కు పెరిగింది 122 మిల్లీమీటర్లు, అంటే జానలో సగానికి కాస్త పైన. ఇప్పుడు ధరలు చూడండి. మార్కెట్లోకి వచ్చిన రోజున షోరూము ధరలు ఇలా ఉన్నాయి: 2022 మే నెలలో సి 220డి 56 లక్షల రూపాయలు, 2024 అక్టోబరులో ఇ 220డి 81.5 లక్షలు, 2021 అక్టోబరులో ఇక్కడే బిగించిన ఎస్ 350డి కోటీ 57 లక్షలు. మొదటి జానెడుకు పాతిక లక్షలు, ఆ తర్వాతి అర జానకు 75 లక్షలు! ఆ తర్వాత ధరలు మారాయి, 2025 సెప్టెంబరు 22 నుంచి సెస్సు తీసేసి పెద్ద కార్లకు 40 శాతం జీఎస్టీ పెట్టారు కాబట్టి నేటి ధర డీలరునే అడగాలి, కానీ దామాషా ఇంచుమించు అలాగే ఉంది. లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్సు రెండూ ధరను బట్టి పెరిగేవే కనుక ఆన్ రోడ్ దగ్గర ఈ ఎడం మరింత పెద్దదవుతుంది.

ఈ జానెడు మన దేశానికి ప్రత్యేకంగా దక్కిన సౌకర్యం. వెనక కూర్చునే యజమానులు ఎక్కువని గుర్తించి, పొడవు పెంచిన ఇ క్లాస్‌ను చైనాకూ మనకూ మాత్రమే తయారుచేస్తున్నారు. ఇక్కడికి అది మొదట 2017లో వచ్చింది. ఇప్పటి బండిలో వెనక సీటు వీపు 36 డిగ్రీల దాకా వాలుతుంది. గుంటూరు నుంచి హైదరాబాదుకు సుమారు 270 కిలోమీటర్లు, దారిలో ఒక కునుకు తీయడానికి అది చాలు. సి క్లాస్ వెనక సీటు అలా వాలదు. అక్కడ మీ మోకాళ్లు ముందు సీటును తాకకపోయినా, కాలు మీద కాలు వేసుకుని కాగితాలు చూడడం కుదరదు.

మీ స్నేహితుల వాదనలోనూ పస లేకపోలేదు. ఎస్ 350డి లో ఉండేది ఆరు సిలిండర్ల ఇంజిను. వరసగా అమర్చిన ఆరు సిలిండర్లలో ఒకదాని కుదుపును మరొకటి రద్దు చేసుకుంటుంది, నాలుగు సిలిండర్లలో కొంత అదురు సహజంగా మిగిలిపోతుంది, దాన్ని అణచడానికి ప్రత్యేకంగా బరువులున్న షాఫ్టులు తిప్పాల్సి వస్తుంది. అందుకే సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఎస్ క్లాస్ ఇంజిను నడుస్తోందా లేదా అని సందేహం కలుగుతుంది, ఇ 220డి విషయంలో ఆ సందేహం రాదు. ఎస్‌కు ఉక్కు స్ప్రింగుల బదులు గాలి బెలోస్ (గాలి నింపిన రబ్బరు తిత్తులు) ఉంటాయి, అవి గతుకును మింగేస్తాయి. రాత్రి పదింటికి విసిగి ఇల్లు చేరే మనిషికి ఈ రెండూ చిన్న విషయాలు కావు. కానీ నాలుగు వరసల జాతీయ రహదారి మీద, రోడ్డు నున్నగా ఉన్నచోట, ఆ తేడా బాగా సన్నబడుతుంది. ఆరు సిలిండర్ల మీద అంత మనసుంటే ఇ క్లాస్‌లోనే 381 హార్స్‌పవర్ ఇ 450 ఉంది. అయితే అది పెట్రోలు బండి. వారానికి రానూపోనూ 540 కిలోమీటర్ల లెక్కన ఏడాదికి 28 వేలు తిరిగే మీకు నేను డీజిలే చెబుతాను.

ఇంకో మాట. ఎస్ అన్న అక్షరం ‘ప్రత్యేక తరగతి’ అనే జర్మన్ మాట నుంచి వచ్చింది, 1972 నుంచి అధికారికంగా వాడుతున్నారు. బెంజి కార్లలో 1978లో ఏబీఎస్ బ్రేకులు (గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేవి), 1981లో డ్రైవరు ఎయిర్‌బ్యాగు ఆ తరగతి బండ్లలోనే ముందుగా వచ్చాయి, ఈ రోజు అవి మామూలు బండ్లలో కూడా ఉన్నాయి. 2020లో ఎస్ క్లాస్‌లో చూసిన నిలువు తెర తరహానే మరుసటి ఏడాది సి క్లాస్‌లోకి దిగింది. ఎస్ క్లాస్‌లో కొత్తగా పుట్టిన సాంకేతికత కొన్నేళ్లకు కింది మెట్టుకు దిగుతుంది గానీ, కాళ్లు చాపుకునే చోటు మాత్రం దిగదు. కాబట్టి తెరలూ దీపాలూ చూసి మెట్టు ఎక్కకండి.

మీ నాన్నగారి సంగతి వేరుగా ఆలోచించండి. ఈ మూడూ నేలకు దగ్గరగా ఉండే బండ్లే. మోకాళ్ల నొప్పులున్న వాళ్లకు కూర్చోవడం కంటే లేవడం కష్టం. షోరూముకు ఆయన్ని తీసుకెళ్లి ఎడమవైపు వెనక తలుపు తీసి, ఎవరూ చెయ్యి పట్టుకోకుండా రెండుసార్లు కూర్చుని లేవమనండి. రెండోసారి లేచేటప్పుడు ఆయన చెయ్యి తలుపును పట్టుకుంటుందా, ముందు సీటును పట్టుకుంటుందా గమనించండి. తలుపునే ఊతగా పట్టుకుంటే ఇంటి పోర్టికోలో ఆ తలుపు పూర్తిగా తెరుచుకునే జాగా ఉందో లేదో టేపుతో కొలుచుకోండి. ఇ క్లాస్ పొడవు 5,092 మిల్లీమీటర్లు, ఎస్ క్లాస్‌ది 5,289. పొడవు బండి మిట్టగా కట్టిన స్పీడ్ బ్రేకర్ మీద పొట్ట రాసుకునే అవకాశం కూడా ఎక్కువే. మీ వీధి చివర అలాంటిది ఉంటే టెస్ట్ డ్రైవ్‌లో నలుగురు కూర్చుని దాని మీదుగానే పోనివ్వండి.

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటాం. 2024 మోడల్ ఇ క్లాస్ కొన్నాను. హైదరాబాదులో మా బావగారిదీ కొత్త ఇ క్లాసే. ఇక్కడికి వచ్చిన మా అమ్మ ‘బావగారి కారులో ఇంతకంటే చోటుందిరా’ అంటోంది. నేను తక్కువ రకం కొన్నానా?
ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: తక్కువ రకం కాదు, వేరే కొలత. అమెరికాలో అమ్మే ఇ క్లాస్ వీల్‌బేస్ 2,961 మిల్లీమీటర్లు, మీ బావగారి దానికంటే 133 తక్కువ. అక్కడ యజమానే నడుపుతాడు కాబట్టి పొడవు బండి తేలేదు. అంత చోటు అక్కడ కావాలంటే ఎస్ క్లాస్‌కే వెళ్లాలి, దాన్ని మాత్రం అమెరికాలోనూ పొడవు రూపంలోనే అమ్ముతారు. అమ్మగారి కొలత సరైనదే.

ప్రశ్న: 2021 చివర్లో రిజిస్టరైన ఎస్ 350డి, 48 వేల కిలోమీటర్లు తిరిగింది, కొత్త ఇ 220డి ధరకు కాస్త అటూ ఇటూగా వస్తోంది. పై మెట్టు బండి కింది మెట్టు ధరకు దొరుకుతుంటే వదులుకోవడం తెలివితక్కువ కాదా?
ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: కొనే ధర తగ్గింది గానీ నడిపే ఖర్చు తగ్గలేదు. కోటిన్నర బండి సగం ధరకు దొరికినా దాని బ్రేక్ డిస్కు, హెడ్‌లైటు, టైరు కోటిన్నర బండి ధరలోనే వస్తాయి. మీరు ఏడాదికి ఎనిమిది పది వేల కిలోమీటర్లకు మించి తిరగకుండా, కంపెనీ వారంటీని పొడిగించుకోగలిగితే కొనవచ్చు. ఆ పొడిగింపు దొరకని బండిని ఎంత చవకగా ఇచ్చినా నేను ముట్టుకోను.

సర్వీసు రికార్డు మొత్తం అధీకృత కేంద్రంలోనే ఉందా, యాక్సిడెంట్ క్లెయిము ఏమైనా ఉందా అన్నవి అందరూ చూస్తారు. ఈ బండికి ప్రత్యేకంగా చూడాల్సింది గాలి సస్పెన్షన్. రబ్బరు బెలోస్‌కు సన్నని పగులు వస్తే రాత్రంతా గాలి మెల్లగా దిగిపోతుంది. పొద్దున ఇంజిను వేయగానే కంప్రెసర్ (గాలి కొట్టే పంపు) మళ్లీ నింపేస్తుంది కాబట్టి పగలు చూసేవాళ్లకు ఏమీ తెలియదు. ఇలా రోజూ అదనంగా పనిచేసి చివరికి కంప్రెసరూ పోతుంది. అందుకని అమ్మేవారితో చెప్పి బండిని సాయంత్రం చదునైన నేల మీద పెట్టించి తాళం వేయించండి. మర్నాడు పొద్దున ఎవరూ స్టార్ట్ చేయకముందే మీరు వెళ్లి, నాలుగు చక్రాల మీదా టైరుకూ దాని పైనున్న మడ్‌గార్డు అంచుకూ మధ్య వేళ్లు పెట్టి చూడండి. ముందు రెండు చక్రాల దగ్గర ఎడం ఒకేలా ఉండాలి, వెనక రెండింటి దగ్గరా అంతే. ఒక మూల దిగి కనిపిస్తే బేరం అక్కడితో ఆపండి.