నోయిడాకి మకాం మారుతున్న బుజ్జికి, ప్యూరిఫయర్ గురించి

బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన ఎయిర్ ప్యూరిఫయర్ లింకులన్నీ చూశాను. ఏది కొనాలో చెప్పమన్నావు. ఫలానా మోడల్ కొనమని చెప్పను, అవి ఏటా మారిపోతుంటాయి. ఎలా ఎంచుకోవాలో, తెచ్చాక ఎలా వాడాలో చెప్తాను. నిజానికి తేడా అంతా ఆ రెండోదాంట్లోనే ఉంది.

దసరా వెళ్లగానే దిగుతున్నారంటే సరిగ్గా గాలి చెడే వేళకే వస్తున్నారన్నమాట. అటు పంజాబ్, హర్యానాల్లో వరి గడ్డి తగలబెడతారు, ఇటు దీపావళి వస్తుంది, ఆపైన చలి. చలికాలంలో గాలి కదలదు, పొగ పైకి పోదు. వాహనాల పొగ, దుమ్ము ఏడాది పొడుగునా ఎలాగూ ఉన్నవే. ఇక్కడ ఏక్యూఐ, అంటే గాలి ఎంత చెడిందో చెప్పే అంకె, పీఎం 2.5 వల్ల 400 చూపించిందంటే, ఆ అతి సన్నటి నలుసులు ఘనపు మీటరుకి 250 మైక్రోగ్రాములు ఉన్నాయని అర్థం. మన దేశం పెట్టుకున్న హద్దు రోజు సగటున 60. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్క 15. అందుకే నాలుగేళ్ల పిల్లాడున్న ఇంట్లో ప్యూరిఫయర్ దండగ ఖర్చని మీ అమ్మ అంటే, ఈ మాట నేనన్నానని చెప్పు.

ముందు మీరు పడుకునే గదికి కొను. హాలు సంగతి తర్వాత. ముగ్గురూ ఎనిమిది తొమ్మిది గంటలు తలుపులేసుకుని ఉండేది ఆ గదిలోనే. హాల్లో పెద్ద మెషీన్ పెట్టి ఇల్లంతా శుభ్రమవుతుందనుకునే వాళ్లు మా సొసైటీలో చాలామంది ఉన్నారు. బాల్కనీ తలుపు, వంటిల్లు, మెయిన్ డోర్ అన్నీ హాల్లోకే తెరుచుకుంటాయి. అక్కడ అది చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

బాక్సు మీద ‘500 చదరపు అడుగుల కవరేజ్’ అని పెద్ద అక్షరాలతో రాస్తారు. దాన్ని వదిలేయ్. చూడాల్సింది సీఏడీఆర్ అనే అంకె, అంటే గంటకి ఎన్ని ఘనపు మీటర్ల శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే లెక్క. గదిలో గాలి గంటకి ఐదుసార్లు వడపోత పడేలా చూసుకోవాలి. పన్నెండు బై పద్నాలుగు గది, పదడుగుల సీలింగ్ అనుకుందాం. అది 1,680 ఘనపుటడుగులు, అంటే దాదాపు 48 ఘనపు మీటర్లు. ఐదుతో గుణిస్తే 240. అలాగని 240 ఉన్నది కొనకు. ఆ అంకె ఫుల్ స్పీడులో వచ్చేది. ఫుల్ స్పీడులో మోత భరించలేక రాత్రి పన్నెండింటికి మీ ఆయన లేచి స్లీప్ మోడ్‌లో పెడతాడు, అప్పుడు అందులో సగం కూడా రాదు. అందుకే 350కి తగ్గకుండా తీసుకో, మధ్య స్పీడులో హాయిగా నడుస్తుంది. కొన్ని కంపెనీలు సీఎఫ్ఎంలలో, అంటే నిమిషానికి ఘనపుటడుగుల్లో ఇస్తాయి, దాన్ని 1.7తో గుణించుకుంటే సరిపోతుంది.

సన్నటి నలుసుల్ని పట్టే ఫిల్టరుని హెపా అంటారు. ఫిల్టరు మీద ‘హెపా టైప్’, ‘హెపా లాంటి’ అని ఉంటే పక్కన పెట్టు. హెచ్13 అని గ్రేడు రాసి ఉండాలి. అతి కష్టంగా పట్టుబడే నలుసుల్ని కూడా నూటికి 99.95 వంతు ఆపేదానికే ఆ గ్రేడు ఇస్తారు. హెచ్14 అని ఇంకో నాలుగు వేలు ఎక్కువ అడిగితే ఇవ్వక్కర్లేదు. గదిలో గాలి మళ్లీమళ్లీ అందులోంచే తిరుగుతుంది కాబట్టి ఆ చిన్న తేడా లెక్కలోకి రాదు. గాల్లోకి విద్యుదావేశం వదిలే అయొనైజర్ ఉంటే దాన్ని ఆపేసే బటన్ కూడా ఉందో లేదో చూసుకో, కొన్నిటి నుంచి ఓజోన్ వస్తుంది, ఆయాసం ఉన్న పిల్లలకి అది మంచిది కాదు. కార్బన్ ఫిల్టరు పల్చటి నల్ల గుడ్డలా ఉంటే వాసన కాస్త తగ్గిస్తుందేమో గానీ, దాని మీద ఆశలు పెట్టుకోకు. వైఫై, యాప్, రంగుల లైట్లు నీ ఇష్టం. మీ పెదనాన్నకి ఆ లైటు ఎర్రబడితే టెన్షన్, పచ్చబడితే నిద్ర.

కొనే ముందు కొత్త ఫిల్టరు ధర తప్పకుండా అడుగు. మెషీన్ చవగ్గా ఇచ్చి ఫిల్టర్ల మీద రాబట్టుకునేవి ఉన్నాయి. మూడేళ్ల లెక్క వేసుకుని అప్పుడు ఏది చవకో తేల్చుకో. ‘ఏడాది పనిచేస్తుంది’ అనే మాట ఢిల్లీ చలికాలాన్ని చూసి రాసింది కాదు. రోజంతా నడిపితే ఇంకా ముందే మార్చాల్సి రావచ్చు. కరెంటు గురించి దిగులు అక్కర్లేదు, 50 వాట్ల మెషీన్ 24 గంటలు నడిచినా 1.2 యూనిట్లే.

మెషీన్ రాగానే వెనక మూత తీసి ఫిల్టరు చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవరు తీసెయ్. నవ్వకు. ఆ కవరుతోనే సీజనంతా నడిపిన ఇల్లు మా బ్లాకులోనే ఉంది. గోడకి ఓ అడుగు ఎడంగా, పరదాలు తగలకుండా, మంచానికి దగ్గరలో పెట్టు. పైన జాలీ లాంటి ప్రీఫిల్టరు ఉంటుంది, దాన్ని మాత్రం వారం పది రోజులకోసారి వాక్యూమ్ చెయ్యి. లోపలి హెపాని కడగకూడదు, దులపకూడదు, ఎండలో పెట్టకూడదు. తడిస్తే అది కాగితం కిందే లెక్క.

తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ వేయించు, దొరికేదాకా పాత తువ్వాలు మడిచి పెట్టు. విండో ఏసీ ఉంటే దాని చుట్టూ ఉన్న ఖాళీలు చూసుకో. బాత్రూమ్ ఎగ్జాస్ట్ ఆన్‌లో వదిలేస్తే బయటి గాలిని లోపలికి లాగుతూనే ఉంటుంది. స్ప్లిట్ ఏసీతో ఇబ్బంది లేదు, అది గదిలో గాలినే తిప్పుతుంది. ఎండాకాలంలో కూలర్ పెడితే మాత్రం ప్యూరిఫయర్ ఆపేసుకోవచ్చు, కూలర్ పనే బయటి గాలిని లోపలికి తోయడం.

ఇక మనింట్లో మనం చేసే పొగ. తిరగమోతలో ఎండుమిర్చి పడిన నిమిషంలో మా మెషీన్ మీద 30 ఉన్న అంకె 200 దాటుతుంది. చిమ్నీ ముందే వేసి, వంటింటి తలుపు మూసి, పోపు పెట్టు. వంటయ్యాక కూడా చిమ్నీ పది నిమిషాలు ఉండనీ. అగరుబత్తి, ధూపం, దోమల చుట్ట అన్నీ ఆ లెక్కలోవే. దేవుడి దగ్గర దీపం పెట్టుకుని అగరుబత్తి మానేశాను నేను. దేవుడు ఇంతవరకు ఏమీ అనలేదు. పనమ్మాయి పొడి చీపురుతో ఊడుస్తానంటే వద్దని, తడిగుడ్డ పెట్టించు.

ఒకటి విచిత్రంగా ఉంటుంది, కంగారు పడకు. చలికాలం పిల్లాడి ముక్కు ఎండిపోతోందని హ్యుమిడిఫయర్ పెడతావు. మంచు పొగలా వచ్చే రకంలో ఇక్కడి కుళాయి నీళ్లు పోశావంటే, నీళ్లలో ఉన్న ఉప్పులు కూడా గాల్లోకి లేచి ప్యూరిఫయర్ ఎర్ర లైటు వేస్తుంది, సామాను మీద తెల్లటి పొడి పడుతుంది. అందులో ఆర్వో నీళ్లు పొయ్యి.

గది మూసి ఉంచమన్నానని రోజుల తరబడి మూసెయ్యకు. ప్యూరిఫయర్ నలుసుల్ని పడుతుంది గానీ మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని ఏమీ చెయ్యలేదు. పొద్దున్నే తలనొప్పితో లేచారంటే దాన్ని కూడా అనుమానించు. ప్రభుత్వం వాళ్ల సమీర్ యాప్‌లో ఏక్యూఐ అంకె చూసుకుని, మధ్యాహ్నం కాస్త తగ్గిన వేళ పది పదిహేను నిమిషాలు కిటికీలు తెరిచి, మూశాక మెషీన్ ఫుల్ స్పీడులో పెట్టు. అన్నిటికన్నా ముఖ్యంగా, చలికని అంగీఠీలో, అదే కుంపట్లో, బొగ్గులు రాజేసి గదిలో పెట్టుకోవద్దు, ఎవరు సలహా ఇచ్చినా సరే. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, దాన్ని ఏ హెపా ఆపలేదు. గ్యాస్ గీజర్ ఉన్న ఇల్లయితే అది స్నానాల గది బయటే ఉండాలని ఓనరుకి గట్టిగా చెప్పు.

మొక్కలు పెడితే చాలంటుంది మీ ఆడపడుచు. మొక్కలు పెట్టుకో, ముచ్చటగా ఉంటాయి. 1989లో నాసా చేసిన ప్రయోగం మూసేసిన చిన్న పెట్టెల్లో, అదీ కొన్ని రసాయనాల ఆవిర్ల మీద. పడగ్గదిలో పొగ నలుసులకి దాంతో సంబంధం లేదు. పిల్లాడికి పిల్లికూతలు వస్తున్నాయన్నావు, డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మాత్రం ప్యూరిఫయర్ వచ్చిందని ఆపకు.

కొత్త ఇంటి తాళాలు చేతికి రాగానే పడగ్గది పొడవు, వెడల్పు, సీలింగ్ ఎత్తు మూడూ కొలిచి పంపు. ఆర్డర్ మాత్రం అక్టోబరు మొదట్లోనే పెట్టెయ్, పనిలోపని ఒక స్పేర్ ఫిల్టరు కూడా. దీపావళి మర్నాడు వెతికితే మంచివన్నీ ‘అవుట్ ఆఫ్ స్టాక్’ అనే ఉంటాయి.

పెద్దమ్మ