పాత బుద్ధ విగ్రహం కొంటే పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. నా వయసు 38, ఐటీ ఉద్యోగం. నాగపట్నం దగ్గర పొలంలో దొరికిన 11వ శతాబ్దపు కంచు బుద్ధుడంటూ ఒకాయన 9 లక్షలకు ఇస్తానంటున్నారు. క్యాష్ కావాలట. ఐదేళ్లలో రెట్టింపవుతుందని చెబుతున్నారు. పాప చదువుకని వేసిన ఎఫ్‌డీ తీసి కొనొచ్చా?

జవాబు: ఎఫ్‌డీని కదిలించకండి. విగ్రహం నకిలీదైతే డబ్బు పోతుంది, అసలుదైతే అంతకన్నా పెద్ద చిక్కు.

నాగపట్నం పేరు ఊరికే వాడరు. రాజరాజ చోళుడి కాలంలో అక్కడ చూడామణి అనే బౌద్ధ విహారం వెలిసింది. 1856 నుంచి ఆ ఊళ్లో దాదాపు 350 బౌద్ధ కంచు విగ్రహాలు బయటపడ్డాయి. కొన్ని ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, ఒక ఆదివారం వెళ్లి చూసి రండి. కానీ 'పొలంలో దొరికింది' అన్న మాటే ప్రమాదం. నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టమే ఉంది. పైగా 1972 పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహానికి రిజిస్ట్రేషన్ ఉండాలి, వ్యాపారికి లైసెన్సు ఉండాలి, చేతులు మారితే తెలియజేయాలి. విదేశాలకు అమ్మే దారి లేదు. అంటే కాగితాల్లేని విగ్రహాన్ని రేపు మీరు ఎవరికీ ధైర్యంగా అమ్మలేరు. అమ్మలేనిదాన్ని ఆస్తి అని నేను రాసుకోను.

మన ప్రకాశం జిల్లా చందవరం నుంచి చోరీ అయిన బౌద్ధ శిల్పాన్ని ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ 2005లో కొంది. 2016లో భారత్‌కు తిరిగి అప్పగించాల్సి వచ్చింది. అంతటి సంస్థే బోల్తా పడిందంటే మీరూ నేనూ ఎంత?

'ల్యాబ్ సర్టిఫికెట్ ఉంది' అంటారేమో. థర్మోల్యూమినిసెన్స్ పరీక్ష కాల్చిన మట్టి వయసు చెబుతుంది, లోహం వయసు కాదు. మన దక్షిణాది కంచు విగ్రహాలు ఎక్కువగా గట్టిపోత, అంటే లోపల బోలు లేకుండా పోసినవి, కాబట్టి లోపల పరీక్షించడానికి మట్టే ఉండదు. భూతద్దంతో చూస్తే అసలు చిలుము పొరలుగా, పచ్చ కింద ఎరుపుగా, లోహంలోకి దిగి ఉంటుంది. రసాయనాలతో తెప్పించిన పచ్చ పైపైన పొడిలా అంటుకుని ఉంటుంది. ఇది తొలి అనుమానానికి పనికొస్తుందే తప్ప తీర్పు కాదు.

క్యాష్ అడగడం ఇంకో హెచ్చరిక. ఒకే లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ఆ అమ్మకందారును వదిలేయండి.

బుద్ధుడి మీద ఇష్టం నిజమైతే స్వామిమలైలో కంచు విగ్రహాలు పోతపోసే స్థపతుల దగ్గర కొత్త విగ్రహం చేయించుకుని బిల్లు తీసుకోండి. ఆ ఖర్చు బోనస్‌లోంచి పెట్టండి. పాప ఎన్నో తరగతి, ఎఫ్‌డీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందో రాస్తే దాని సంగతి విడిగా చెబుతాను.