పేరు కొట్టేసింది ఢిల్లీయేనా?

ప్రశ్న: సార్, మాది గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డు పల్లె. ఇంట్లో తెలుగే, రేషన్ కార్డు మాత్రం మరాఠీలో. ఏటా మిర్చి ఏరడానికి నది దాటి తెలంగాణకు పోతాం. ఈసారి తిరిగొచ్చేసరికి కార్డులో మా అత్తమ్మ పేరు లేదు. ఈ-కేవైసీ కాలేదట, ఆమె వేలిముద్ర మిషన్ మీద పడదు. ఆఫీసులో అడిగితే "ఢిల్లీ రూలు, మా చేతుల్లో లేదు" అన్నారు. ఇక ఎవరిని అడగాలి?

జవాబు: వాళ్లనే అడగాలమ్మా. 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం ఏ రాష్ట్రంలో ఎంతమందికి అని లెక్క కట్టి గింజలిచ్చేది కేంద్రం, ఆ లెక్కలో ఎవరెవరుండాలో తేల్చి దుకాణం దాకా చేర్చేది రాష్ట్రం. ఈ-కేవైసీ చేయండని వెంటపడుతున్నది కేంద్రమే, కాదనను, కానీ మీ అత్తమ్మ పేరు కొట్టేసిన కలం మాత్రం రాష్ట్రానిది.

పైగా 2017 అక్టోబరులో ఆ ఢిల్లీయే రాష్ట్రాలకు రాసింది, వేలిముద్ర పడలేదని ఎవరికీ రేషన్ ఆపొద్దు, ఆధార్ కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వండని. ఈ ముక్క ఎవరూ చెప్పరు! మిర్చి ఏరి ఏరి అరిగిపోయిన వేళ్లకు గీతలు ఎక్కడినుంచి వస్తాయి? కంటిపాప చూసే మిషన్ ఉందేమో అడగండి.

అర్జీ మరాఠీలోనే రాయించి, నకలు మీద ముద్ర వేయించుకోండి, పేరు తీసేసిన ఉత్తర్వు కాపీ కూడా అడగండి. (చాలాసార్లు అక్కడే నీళ్లు నములుతారు.) కదలకపోతే చట్టం ప్రకారం జిల్లాకో ఫిర్యాదుల అధికారి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్ ఉన్నాయి. మీది మరీ నిరుపేదలకిచ్చే అంత్యోదయ కార్డైతే మాత్రం ఇంటికి 35 కిలోలు, తలల లెక్క లేదు, ఒక పేరు పోయిందని తగ్గించడానికి వీల్లేదు.

మీరు అడగలేదు గానీ, మిర్చి పనికి పోయినప్పుడు మీ వాటా అక్కడి దుకాణంలోనే తీసుకోవచ్చు. 2020 జనవరి నుంచి మహారాష్ట్ర, తెలంగాణ రెండూ 'ఒకే దేశం, ఒకే రేషన్ కార్డు'లో ఉన్నాయి. మామూలు కార్డుకు మనిషికి 5 కిలోలు, ఉచితం. తెలంగాణ సొంతంగా కలిపే ఆరో కిలో వాళ్ల కార్డులకే. కొంత అక్కడ తీసుకుని మిగతాది ఊళ్లో ఉన్నవాళ్లకు వదలొచ్చు, డీలర్ కుదరదంటే అతని ముందే రేషన్ హెల్ప్‌లైన్ 14445కు ఫోన్ చేయండి.